నడిమి గోడ

రోడ్డు వెడల్పు చేయడానికని మున్సిపాలిటీ మనుషులు మా ఇంటి మీద ఎర్ర గీత గీయడానికి వచ్చిన రోజు, పిన్ని అట్లకాడతో వాళ్ళలో ఒకడి చేతి మీద కొట్టింది. అప్పుడే పెనం మీద నుంచి తీసిన అట్లకాడ అది. అతని చేతిలోని రంగు డబ్బా జారి, పిన్ని టిఫిను కొట్టు ముందర పరిచిన నాపరాళ్ళ మీద ఎర్రగా పారింది. అతను కాలిన చేతిని ఊదుకుంటూ బూతులు అందుకున్నాడు. బాబాయి లోపల్నుంచి వచ్చి అతని చొక్కా పట్టుకుని ఒక చెంప వాయించాడు. వెనక వాటాలో ఉండే మా నాన్న కేకలు విని సందులోంచి పరిగెత్తుకొచ్చాడు. విడదీస్తాడనుకున్నాను. రెండో చెంప ఆయన చూసుకున్నాడు. ఆ అన్నదమ్ములిద్దరూ ఒకే పక్షాన నిలబడటం నేను చూసింది చాలా తక్కువ, అందుకే ఆ ఉదయం నాకు బాగా గుర్తు.

చివరికి ఒక కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డాక గీత గీశారు. రోడ్డు మధ్య నుంచి టేపు లాగితే అది కొట్టు దాటి, బాబాయి వాళ్ళు పడుకునే గది దాటి, వాళ్ళ వంటిల్లు దాటి, మా రెండు వాటాల మధ్య ఉన్న నడిమి గోడ దగ్గర ఆగింది. ఆ గోడకు బాబాయి వైపున ఎర్ర రంగు పడింది. గీతకు రోడ్డు వైపున ఉన్నదంతా పోతుంది. అదంతా బాబాయిది. గీతకు లోపలి వైపున ఉన్నదంతా మాది. మాది ఒక్క రాయి కూడా పోదు.

"ఇప్పుడే రోడ్డు ఎయ్యరమ్మా. ముందు ముందు బండ్లు పెరుగుతయ్యి గదా, అప్పటికని స్థలం ఇప్పుడే తీసుకుంటన్నారు" అని టేపు పట్టిన ఆయన పిన్నికి నచ్చజెప్పబోయాడు.

"ఎప్పుడో వచ్చే బండ్లకి ఇప్పుడే నా పొయ్యి ఆర్పాలా?" అంది పిన్ని. ఆమెది వెల్దుర్తి. మెట్ట చేలల్లో పెరిగిన గొంతు, వీధి చివరిదాకా వినిపిస్తుంది.

పోయే స్థలానికి బదులుగా డబ్బులు కాక ఏదో బాండు ఇస్తారట. ఇంకెవరో ఇంకెక్కడో పై అంతస్తు కట్టుకోవడానికి అది పనికొస్తుందట. ఆ కాగితం కింద బాబాయి, పిన్ని, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు, నలుగురు మనుషులు తలదాచుకోవడం ఎట్లాగో టేపు మనిషి చెప్పలేదు.

మాది పల్నాడులో ఒక టౌను. మా వీధిలో మాట కంటే చెయ్యి ముందు లేస్తుంది. పల్నాడు అనగానే బయటివాళ్ళు కత్తులూ బాంబులూ అంటారు గాని మా ఇంట్లో ఉన్నవి గడ్డపార, సమ్మెట, ఉలి. మావి రాయి పని చేసుకునే బతుకులు. తాత మాచర్ల వైపు క్వారీల్లో నాపరాయి తీశాడు. బాబాయి ఆ పనిలో తాతను మించాడు. రాయి పొరలో ఉలి ఎక్కడ పెడితే పలక చెక్కుచెదరకుండా లేస్తుందో చేత్తో తడిమి చెప్పేవాడు. నాన్న కొన్నాళ్ళు రాయి కొట్టి, ఆ పని తనవల్ల కాదని లారీ కొని ఆ రాళ్ళనే తోలడం మొదలుపెట్టాడు. నేను ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ ఇంట్లోనే ఉండేదాన్ని.

ఇల్లు తాతా, నాన్నా, బాబాయీ ముగ్గురూ కట్టుకున్నదే. స్థలం రోడ్డు మీద వెడల్పు తక్కువ, లోపలికి పొడుగు. గోడలు రెండు వరసల రాయి, మధ్యలో సున్నం, మట్టి. ఆ రెండు వరసలూ విడిపోకుండా అక్కడక్కడా ఒక పొడుగు రాయిని అడ్డంగా పెడతారు. దాని ఒక కొన ఈ గదిలో కనిపిస్తే రెండో కొన ఆ గదిలో కనిపిస్తుంది. కట్టురాయి అంటారు దాన్ని. అది కదిలితే గోడ కదిలినట్టే.

తాత పోయాక ఇల్లు పంచుకున్నారు. మా వైపు పంపకాల్లో పెద్దవాడు పడమర తీసుకోవాలి, చిన్నవాడు తూర్పు తీసుకోవాలి. అట్లా కాకపోతే పెద్దవాడి వంశానికి మంచిది కాదంటారు. మా రోడ్డు తూర్పున ఉంది. అందుకని రోడ్డు వైపు భాగమంతా బాబాయికి వెళ్ళింది. నాన్నకు వెనక భాగమూ, రాకపోకలకు పక్కన మనిషి పట్టేంత సందూ మిగిలాయి. నడిమి గోడ ఉమ్మడి. తూర్పు వరస రాయి నీది, పడమటి వరస రాయి నాది అని పెద్దమనుషులు తేల్చారు. కట్టురాళ్ళు ఎవరివో ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

నాన్న కోపం ఆనాటిది. సొంత ఇంట్లోకి భుజం వంచి పక్కకు నడిచి పోవాల్సి వచ్చేది. సందు మొగలో బాబాయి మోటారు సైకిలు పెడితే గొడవ, పిన్ని అంట్ల నీళ్ళు పోస్తే గొడవ. నాయనమ్మ మా వాటాలో చనిపోతే పాడె సందులో పట్టలేదు. నడిమి గోడలో అప్పటికి తలుపు మూసేశారు, దాన్ని పగలగొట్టి కొట్టులోంచి తీసుకెళ్ళాలి. బాబాయి ఏడుస్తూనే, పొయ్యి మీద పులుసు దించేదాకా ఆగమన్నాడు. నాన్న ఆ మాట పట్టుకున్నాడు. శ్మశానం దాకా పాడె ముందు కొమ్ములు చెరొకటి మోస్తూ ఇద్దరూ తిట్టుకుంటూనే నడిచారు. వెనక మోసేవాళ్ళు తల దించుకున్నారు.

గీత పడిన రోజు మధ్యాహ్నానికల్లా నాన్న మనసు మారిపోయింది. పొద్దున తమ్ముడి కోసం చెంప పగలగొట్టిన మనిషి, అన్నం తిని లేచి రేపు రోడ్డు మీదికొచ్చే నడిమి గోడ ముందు నిలబడి రెండు చేతులూ చాపి షట్టరు ఎంత వెడల్పు పడుతుందో కొలుచుకున్నాడు. కోడి తెమ్మని అమ్మతో అన్నాడు. అమ్మ తేలేదు. పక్క వాటాలో పిన్ని ఏడుపు గోడలోంచి వినిపిస్తోంది. మా నాన్న మొహం చూస్తుంటే నాకు అసహ్యం వేసింది. ఆయన తిన్న కంచం నేను కడగలేదు.

బాబాయి నాలుగు రోజులు ఆగి వచ్చాడు. ఎప్పుడూ సందు మొగలోనే నిలబడి అరిచేవాడు, ఆ రోజు లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు.

"అన్నా, మనం పంచుకుంది ఇల్లు. ఇప్పుడు సగం రోడ్డయిపోయింది. మిగిలిందాన్ని మళ్ళీ పంచుకుందాం. నాకు ఒక్క గది ఇయ్యి చాలు, కొట్టు పెట్టుకుంటా" అన్నాడు.

"పడమర నేను కావాలని అడిగానంట్రా? పెద్దోడివి తీసుకోమన్నారు, తీసుకున్నా. ఇన్నేళ్ళు సందులో ఎలకలాగా తిరిగా. అప్పుడు మళ్ళీ పంచుకుందాం అన్నావా నువ్వు?"

"అప్పుడు ఎవరి ఇల్లూ కూలలా."

"నా పరువు కూలింది రోజూ. పో."

అమ్మ అడ్డం వచ్చింది. "ఒక్క గదే గదయ్యా. పిల్లలున్నోళ్ళు యాడికి పోతారు?" అంది. నాన్న ఆమె మీద మంచినీళ్ళ చెంబు విసిరాడు. అది కణతకు తగిలి చర్మం చిట్లింది. బాబాయి లేచి నాన్న గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నాన్న మోకాలితో అతని పొట్టలో పొడిచాడు. వీధిలోవాళ్ళు వచ్చి లాగేదాకా ఇద్దరూ ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు చింపుకుంటూనే ఉన్నారు. అమ్మ కొంగుతో నెత్తురు అదుముకుని, కింద పడిన చెంబు తీసి యథాస్థానంలో పెట్టింది.

కూలగొట్టడానికి గడువు దగ్గర పడింది. మావైపు రాయి పనివాడెవడూ తన ఇంటిని జేసీబీకి వదలడు. జేసీబీ కొడితే పలకలు ముక్కలైపోతాయి. గడ్డపారతో ఒక్కొక్కటీ పెకలిస్తే మళ్ళీ కట్టుకోవచ్చు. బాబాయి తన పైకప్పు తానే విప్పుకున్నాడు. దూలాలు దించాడు, పక్క గోడలు రాయి రాయిగా పేర్చాడు. పిన్నీ ఇద్దరు ఆడపిల్లలూ రాళ్ళు మోశారు. అన్నీ అయ్యాక అతను నడిమి గోడ దగ్గరకొచ్చాడు.

అది ఆదివారం పొద్దున. నేను మా ముందు గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. గోడ అవతల గడ్డపార చప్పుడు మొదలైంది. సున్నం రాలి పేపర్ల మీద పడింది. నాన్న పెరట్లోంచి వచ్చాడు.

"ఒరేయ్, ఏంది చేస్తన్నావ్?" అని గోడకు నోరు పెట్టి అరిచాడు.

"తూర్పు వరస నాది. నా రాయి నేను తీసుకుంటన్నా" అని అవతల నుంచి బాబాయి.

"తీస్తే నా వరస నిలబడుద్దంట్రా? నా కప్పు దీని మీదే ఉంది!"

"కాసిన్ని గుంజలు పెట్టుకో."

ఇద్దరికీ రాయి తెలుసు. ఒక వరస తీస్తే రెండోది నిలబడదని ఇద్దరికీ తెలుసు. ఆ గోడ కట్టిన చేతులు వాళ్ళవే. తెలియని మనుషులైతే అంత దూరం వచ్చేవాళ్ళు కాదేమో అనిపిస్తుంది నాకు. అన్న ఒక్క గది ఇవ్వకపోతే అన్న కప్పు కూడా నిలబడనివ్వనని తమ్ముడు, రాళ్ళ భాషలో చెప్తున్నాడు.

చూస్తుండగానే మా వైపు గోడలో ఒక కట్టురాయి కదిలింది. చిన్నగా వణికి, వెనక్కి, అవతలికి జరగడం మొదలుపెట్టింది. అది ఉన్న చోట చీకటి సందు ఏర్పడింది, ఇంకాస్త జరగగానే అందులోంచి వెలుతురు వచ్చింది. ఆ వెలుతురులో బాబాయి వేళ్ళు కనిపించాయి. రాయి జారకుండా దాని కింద చెయ్యి పెట్టి లాగుతున్నాడు. నాన్న మూలనున్న సమ్మెట అందుకున్నాడు. నేను వద్దని అరిచాను. ఆయన కట్టురాయి కొన మీద గురిపెట్టి కొట్టాడు. రాయి ఒక్క దెబ్బకు అవతలి వైపు వాలి ఇరుక్కుంది. వేళ్ళు దాని కింద ఉండిపోయాయి.

బాబాయి కేక నేనెన్నడూ వినని గొంతులో వచ్చింది. మొదటి దెబ్బ వేళ్ళు చూడకుండా కొట్టాడనుకుందాం, నాన్న ఇప్పటికీ అదే అంటాడు. కాని కేక విన్నాక ఆయన మళ్ళీ కొట్టాడు. మూడోసారి సమ్మెట ఎత్తుతుంటే నేను ఆయన ముంజేతిని కొరికాను. పళ్ళు దిగాయి, నోట్లోకి ఉప్పటి నెత్తురు వచ్చింది, అయినా వదల్లేదు. సమ్మెట నా కాలి పక్కన పడి గచ్చు పగిలింది. ఆయన నన్ను ఎడమ చేత్తో కొట్టి దూరంగా నెట్టేశాడు. అవతల పిన్ని బాబాయి చేతిని రాళ్ళలోంచి విడిపించడానికి ఉత్త చేతులతో సున్నం గీకుతోంది.

గవర్నమెంటు ఆసుపత్రిలో అతని కుడి చేతి వేళ్ళు మూడు తీసేశారు. మిగిలినవాటిలో పట్టు లేదు. ఎట్లా జరిగిందని పోలీసాయన అడిగితే బాబాయి, "రాయి జారింది" అన్నాడు. పిన్ని మంచం పక్కన నిలబడి అతన్ని తిట్టింది. "కేసు పెట్టవయ్యా. వాణ్ణి లోపలెయ్యించు" అంది.

"లోపలికి పోయినోడు బెయిలు తెచ్చుకుంటాడే. నా చెయ్యి ఎవడు తెచ్చిపెడతాడు?" అన్నాడు బాబాయి. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను తెచ్చిన బత్తాయిలు పిన్ని కిటికీలోంచి బయటికి విసిరేసింది. ఆమె విసరకపోతే నేను ఆమెను ఇంత గౌరవించేదాన్ని కాదు.

బాబాయి ఆసుపత్రిలో ఉండగానే జేసీబీ వచ్చింది. అతను జాగ్రత్తగా పేర్చుకున్న పలకలన్నీ ఒక పక్కకు తోసేసరికి సగం విరిగిపోయాయి. మిగిలినవి ఎవరో ట్రాక్టరులో వేసుకుపోయారు. నేల మాత్రం వదిలేశారు. పిన్ని వాళ్ళు వెనక వీధిలో రేకుల గది అద్దెకు తీసుకున్నారు. నాన్న నడిమి గోడ పడిపోకుండా సిమెంటు పోయించి, మధ్యలో షట్టరు పెట్టించి, సిమెంటూ ఇనుమూ అమ్మే కొట్టు తెరిచాడు. ప్రారంభానికి వీధి మొత్తాన్నీ పిలిచాడు. వచ్చినవాళ్ళు కూల్ డ్రింకు తాగి, షట్టరు ముందరి ఖాళీ నేల వైపు చూస్తూ వెళ్ళిపోయారు.

రోడ్డు రాలేదు. ఈ పక్క తీసుకున్నారు, ఆ పక్కవాళ్ళు కోర్టుకు వెళ్ళారు, పైన మనుషులు మారారు. మా వీధి పొడుగునా పళ్ళు ఊడిన చిగుళ్ళలాగా ఖాళీ స్థలాలు మిగిలాయి. బాబాయి ఇంటి గచ్చు మీద పిచ్చి మొక్కలు లేచాయి. పొయ్యి ఉన్న చోట మసి, పడక గది చోట నున్నటి నాపరాళ్ళు, అన్నీ ఆకాశం కిందే ఉన్నాయి.

ఒక రోజు పొద్దున్నే పిన్ని అక్కడ తోపుడు బండి పెట్టింది. ఆమె పాత పొయ్యి ఉన్న చోటే, సరిగ్గా నాన్న షట్టరు ఎదురుగా. బాబాయి ఎడమ చేత్తో పచ్చడి వడ్డిస్తున్నాడు. కుడి చేయి లుంగీ మడతలో దాచుకున్నాడు.

"నా షట్టరు ముందరేందే ఇది?" అని నాన్న రంకెలు వేశాడు.

"ఇది నీ జాగానా బావా? గవర్నమెంటు జాగా. రోడ్డేసిననాడు లేస్తా" అంది పిన్ని, గరిట తిప్పడం ఆపకుండా.

నాన్న దోసె పిండి గిన్నెను తన్నాడు. పిన్ని మరిగే ఇడ్లీ నీళ్ళు ఆయన పాదాల మీద కుమ్మరించింది. ఆయన ఒంటికాలి మీద గెంతుతూ షట్టరులోకి పోయాడు. బొబ్బలకు మందు రాసింది అమ్మే. మర్నాడు బండి మళ్ళీ అక్కడే ఉంది. చాలామంది ఆమె దగ్గర టిఫిను తిని, ఇనుము కొనడానికి వేరే కొట్టుకు పోయేవాళ్ళు.

నాన్న మున్సిపాలిటీకి వెళ్ళి ఆక్రమణ అని ఫిర్యాదు చేశాడు. చేసినట్టు మాకు చెప్పలేదు. ఒక ఉదయం ట్రాక్టరు వచ్చి ఆగినప్పుడు ఆయన మొహంలోనే కనిపించింది. మనుషులు దిగి గిన్నెలు ఎత్తి ట్రాలీలో పడేస్తున్నారు. పిన్ని గ్యాసు సిలిండరును కావలించుకుని కూర్చుంది. బాబాయి బండి చక్రం పట్టుకున్నాడు. ఒంటి చేత్తో పట్టు నిలవక, ఒక కుర్రాడు కాలర్ పట్టి ఈడ్చగానే బోర్లా పడ్డాడు. వాడు అతని నడుం మీద బూటు కాలితో తన్నాడు.

షట్టరులో కూర్చుని చూస్తున్న నాన్న లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకు కూడా తెలుసని నేననుకోను. తూకానికి పెట్టిన ఇనప ఊచ ముక్క అందుకుని వెళ్ళి ఆ కుర్రాడి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. "నా తమ్ముడి మీద కాలేత్తావంట్రా!" అని అరుస్తూ మళ్ళీ ఎత్తాడు. తక్కినవాళ్ళు ట్రాక్టరు వెనక్కి పారిపోయారు.

బాబాయి లేచి నిలబడ్డాడు. పెదవి చిట్లి గడ్డం మీద నెత్తురు కారుతోంది. ఇన్నాళ్ళూ దాచుకున్న కుడి చేయి లుంగీలోంచి తీసి నాన్న కళ్ళ ముందు పెట్టాడు.

"ఏంది అన్నా ఇది? నన్ను కొట్టే హక్కు నీ ఒక్కడికే రాసిచ్చారా?" అన్నాడు.

వీధి మొత్తం వింటోంది. నాన్న చేతిలోని ఊచ జారి పడింది. షట్టరు వైపు చెయ్యి చూపించి, "లోపల పెట్టుకోండ్రా బండి. సగం నీదే. పెట్టుకో" అన్నాడు. మా అమ్మ మూడేళ్ళుగా అడుగుతున్న మాట అది. నేను పిన్ని వైపు చూశాను. ఒప్పుకోవాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. పిన్ని బాబాయి వైపు చూసింది.

బాబాయి కిందపడిన గరిటెలు ఏరి బండి మీద పెట్టాడు. సిలిండరు ఎత్తించాడు. పిన్ని ఒక పక్క, తానొక పక్క నిలబడి బండిని రోడ్డు మీదకు తోశారు. గచ్చు అంచు దగ్గర చక్రం గుంటలో దిగింది. అతని ఒక్క చేతి బలం చాల్లేదు. నాన్న ఇంకా మానని పాదాలతో కుంటుకుంటూ వెళ్ళి వెనక నుంచి బండి మీద చెయ్యి వేశాడు.

బాబాయి తోయడం ఆపేశాడు. తిరిగి చూడలేదు. ఊరికే నిలబడ్డాడు. వెనక ఆటోలు ఆగి హారన్లు కొట్టాయి. నాన్న చెయ్యి తీసేదాకా అట్లాగే నిలబడి ఉన్నాడు. తీశాక, పిన్నీ అతనూ చక్రాన్ని గుంటలోంచి లేపుకుని పెద్ద బజారు వైపు వెళ్ళిపోయారు.